ఓటీటీ అంటే ఇంట్లోకొచ్చిన సీ సెంటర్

"ఇంట్లో పెద్ద టీవీ ఉంది, మూడు నాలుగు ఓటీటీలకు డబ్బు కడుతున్నాం. ఇంకో పదేళ్ళకు థియేటర్‌కు వెళ్ళి సినిమా చూసేవాళ్ళు ఉంటారా? బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళు సొంత అనుభవంతో చెప్పండి" అన్నది మీ ప్రశ్న.

ఉంటారు. కాకపోతే ఏడాదికి యాభై సార్లు పోయేవాళ్ళు ఉండరు, ఐదారు సార్లు పోయేవాళ్ళు ఉంటారు. ఆ యాభై ఐదు కావడానికి అందరూ ఓటీటీ మీద నెపం వేస్తున్నారు గానీ నా లెక్క వేరేగా తేలింది. జవాబు కొంచెం పొడుగు, ఓపిక ఉంటే చదవండి.

మాది మదనపల్లె పక్క పల్లె. అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, టౌనులో ఒక టాకీసులో ఆపరేటరు. వేసవి సెలవుల్లో నన్ను క్యాబిన్‌లోకి రానిచ్చేవాడు. రెండు ప్రొజెక్టర్లు, వాటిలో కార్బన్ కడ్డీలు మండుతూ ఉంటే గదంతా పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉండేది. మామ బనియను మీదే ఉండేవాడు. ఇరవై నిమిషాలకోసారి స్పూలు, అంటే రీలు చుట్ట, అయిపోతుంది. తెర మీద కుడివైపు పై మూలన ఒక చుక్క తళుక్కుమంటుంది. మొదటి చుక్కకు రెండో మిషను మోటారు వేయాలి, రెండో చుక్కకు వెలుగు మార్చాలి. ఒక్క క్షణం తప్పినా కింద నేల టికెట్టు జనం ఆపరేటరు వంశాన్నంతా తలుచుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో సినిమా అన్ని ఊళ్ళకూ ఒకేసారి వచ్చేది కాదు, ప్రింట్లు తక్కువ. మొదట పెద్ద ఊళ్ళు, అంటే 'ఏ' సెంటర్లు, తర్వాత చిన్న టౌన్లు, అవి 'బీ', ఆఖరున మా లాంటి పల్లెలు, అవి 'సీ'. తిరుపతిలో ఆడి ఆడి మదనపల్లెకు రావాలి, అక్కడా ఆడాక మా పల్లెకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న టెంటు హాలుకు రావాలి. అప్పటికి మూణ్ణెల్లో ఆర్నెల్లో అయ్యేది. గీతలు పడి పడి బొమ్మంతా వాన కురుస్తున్నట్టు ఉండేది. ఒకటో రెండో పాటలు దారిలోనే తెగిపోయి ఉండేవి. అయినా ఎగబడి చూసేవాళ్ళం, దగ్గర కాబట్టి, చవక కాబట్టి. తొందర ఉన్నవాడు బస్సెక్కి టౌనుకు పోయేవాడు. లేనివాడు టెంటుకు వచ్చేదాకా ఆగేవాడు. అలా ఆగినవాణ్ణి చూసి సినిమా మీద ప్రేమ చచ్చిపోయిందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు నాలుగు వారాలు ఆగి సోఫాలో కూర్చుని చూసేవాడు ఆ టెంటు ప్రేక్షకుడే. నా దృష్టిలో ఓటీటీ అంటే ఇంట్లోకొచ్చిన సీ సెంటర్. ప్రింటు మీద వాన లేదు, పాటలు తెగలేదు, అంతే తేడా. మధ్యలో 2010 అటూ ఇటూగా మా వైపు డిజిటల్ వచ్చింది. రీలు పెట్టెలు మాయమై, చిన్న ఊళ్ళోనూ పెద్ద ఊరితో పాటే అదే శుక్రవారం బొమ్మ పడటం మొదలైంది. అప్పుడు అందరం సంబరపడ్డాం. కానీ దానితోనే రెండో విడత ఆట అన్నది పోయింది. మొదటి పది రోజుల్లో వచ్చిందే రాబడి. మామ పనిచేసిన టాకీసు ఆ తర్వాత కొన్నేళ్ళకే కళ్యాణ మండపం అయింది. ఓటీటీ అన్న మాట అప్పటికి మా ఊళ్ళో ఎవరి నోటా లేదు.

ఇక బెంగళూరు. 2007లో ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి మారతహళ్ళిలో నలుగురం ఒక గదిలో పడ్డాం. నడిచిపోయేంత దూరంలో తులసి థియేటర్. బుధవారం రాత్రి అన్నం తిన్నాక, ఏ సినిమా ఆడుతోందో కూడా అడక్కుండా, లుంగీ విప్పి ప్యాంటు వేసుకుని రెండో ఆటకు నడిచేవాళ్ళం. పెద్ద హీరో సినిమా శుక్రవారం వస్తే మడివాళ సంధ్యకు. నాకు టికెట్టు ముక్కలు దాచే పిచ్చి ఒకటి ఉంది. 2009వి లెక్కపెడితే 61. వాటిలో సగం సినిమాల పేర్లు చెప్పినా ఇవాళ కథ గుర్తు రాదు. గుర్తుండాలని పోయిందీ లేదు. గదిలో ఫ్యాను సరిగా తిరగదు, అక్కడ తిరుగుతుంది, అంతే.

పెళ్ళయింది. 2015లో సర్జాపుర రోడ్డు లోపల ఫ్లాటుకు మారాం. ఆ ఏడాది ముక్కలు తొమ్మిది.

ఇక్కడ ఆగి తేదీలు చూడండి. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది 2016 జనవరిలో. ఫోన్లో ఇంటర్నెట్‌ను చవక చేసిన జియో అదే ఏడాది సెప్టెంబరులో, ప్రైమ్ వీడియో డిసెంబరులో. తెలుగుకంటూ ఆహా వచ్చింది 2020లో. మరి 2015లోనే నా 61ని తొమ్మిది చేసింది ఎవరు? అవుటర్ రింగ్ రోడ్డు. శనివారం సాయంత్రం ఏడు కిలోమీటర్లు పోవడానికి గంట, బేస్‌మెంటులో కారు పెట్టడానికి పావుగంట, తిరిగి వచ్చేటప్పుడు అంతే. మూడు గంటల సినిమాకు రానూపోనూ కలిపి దాదాపు ఆరు గంటలు పెట్టుకున్నాక ఏదో ఒక సినిమాకు పోదాం అనే మాట నోట రాదు. ఏ సినిమా, ఎవరేమన్నారు, రేటింగ్ ఎంత, పాప పరీక్షలు ఎప్పుడు అన్నీ చూసుకోవాలి. అంత చూసుకున్నాక సగం సార్లు వద్దులే అనిపిస్తుంది. ఓటీటీ వచ్చి ఆ వద్దులేకు ఒక కుర్చీ వేసింది.

డబ్బు సంగతి అందరూ రాసేదే కాబట్టి ఒక్క సంఘటన చెప్పి వదిలేస్తాను. పోయిన దసరాకు అమ్మా నాన్నా వచ్చి ఉంటే ఐదుగురం ఒక మాల్‌లో సినిమాకు పోయాం. టికెట్లు, ఆన్‌లైన్ బుకింగ్ ఛార్జీ, పార్కింగ్, ఇంటర్వెల్లో రెండు పాప్‌కార్న్ బకెట్లు, మూడు నీళ్ళ సీసాలు కలిపి మూడు వేలు దాటింది. దానికంటే గేటు దగ్గర జరిగింది ఎక్కువ మండింది. అమ్మ చేతిసంచిలో పాప కోసం తెచ్చిన మురుకుల పొట్లం తీసి పక్కన పెట్టించారు. "సినిమాకు రమ్మని పిల్చి సంచులు తడుముతారేమిరా?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. ఆమె లెక్కలో సినిమా అంటే ఇంట్లో వండుకున్నది మూటగట్టుకుని పోయేది.

2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం టికెట్టు ధర పన్నులు కాక 200 రూపాయలు దాటకూడదని నిబంధన తెచ్చింది. మా ఆఫీసు తెలుగు గ్రూపులో పండగే. ఆ నెల గడవకముందే హైకోర్టు స్టే ఇచ్చింది. ధర తగ్గితే నేను ఇంకో రెండు సినిమాలకు పోతానేమో. రోడ్డు తగ్గితే ఇరవైకి పోతాను.

ఓటీటీని తిట్టడం లేదు. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, చెవులు సరిగా వినపడవు. థియేటర్లో ఆయనకు పదేళ్ళుగా బొమ్మ తప్ప మాట లేదు. పక్కన కూర్చుని అమ్మ చెవిలో అరుస్తుంటే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఇప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చదువుకుంటూ చూస్తాడు, మధ్యలో ఆపి తర్జుమా తప్పులు కూడా పట్టుకుంటాడు. అమ్మది ఇంకో పద్ధతి. ఒక సినిమాను నాలుగు రోజులు చూస్తుంది, సీరియల్ లాగా. కుక్కరు కూసినప్పుడల్లా ఆపుతుంది. క్లైమాక్స్‌కు వచ్చేసరికి హీరో చెల్లెలు ఎందుకు ఏడుస్తోందో నన్ను అడుగుతుంది.

ఎన్ని రోజులకు ఓటీటీలో వేయాలి అన్న గొడవ గురించి కూడా అడిగేవాళ్ళు ఉంటారు. పుష్ప మొదటి భాగం 2021 డిసెంబరు 17న విడుదలై 2022 జనవరి 7కల్లా ప్రైమ్‌లో ఉంది. అంటే 21 రోజులు. రెండో భాగం 2024 డిసెంబరు 5న విడుదలైతే నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది జనవరి 30న, సరిగ్గా 56 రోజులు. హిందీ సినిమాలకు పెద్ద మల్టీప్లెక్స్ కంపెనీలు పట్టుబట్టే ఎనిమిది వారాల గడువూ ఇదే. 2022 ఆగస్టులో మన నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చుని మాట్లాడుకున్న వాటిలో ఈ గడువు ఒకటి. నా అభిప్రాయం అడిగితే, పుష్ప లాంటి సినిమాకు గడువు ఎంతున్నా జనం పోతారు. మా ఆవిడ లాగా పోకూడదని తేల్చుకున్నవాళ్ళు నాలుగు వారాలైనా ఎనిమిదైనా ఆగుతారు. నష్టమంతా నడిమి సినిమాకే. కొత్త దర్శకుడు, ఓ మాదిరి పేరున్న నటులు, మంచి కథ, రెండో వారం నుంచి ఆ నోటా ఈ నోటా పాకి నిలబడే రకం. దానికి రెండో వారానికి హాలే మిగలదు. 2009లో నేను పోయిన 61లో నలభై ఇలాంటివే. ఇవాళ అలాంటివి ఓటీటీలో చూసి, అరే థియేటర్లో చూడాల్సింది అని నాలుక కరుచుకుంటున్నాను. తప్పు నాది కూడా.

మరి పోయేవాళ్ళు ఎందుకు పోతారు? 2022 ఆగస్టు 9న మహేశ్ బాబు పుట్టినరోజుకు పోకిరి మళ్ళీ వేశారు. 2006 సినిమా. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, మాటలన్నీ కంఠస్థం. పాత రూమ్మేటు లాక్కుపోతే పోయాను. హాలు నిండిపోయింది. నా పక్కన కూర్చున్న కుర్రాడు ఆ సినిమా వచ్చినప్పుడు బడికి కూడా పోయి ఉండడు, అయినా ప్రతి డైలాగూ హీరో కంటే అర క్షణం ముందు చెబుతున్నాడు. మా అపార్ట్‌మెంటులో నాలుగు తెలుగు ఇళ్ళున్నాయి, లిఫ్టులో కలిస్తే ఇంగ్లీషులో పలకరించుకుంటాం. ఆ రోజు పేరు తెలియనివాళ్ళతో తెలుగులో మూడు గంటలు గొంతు పోయేలా అరిచాను. దానికి నెలవారీ చందా ప్లాను ఉన్నట్టు లేదు. ఒక్కటే చిరాకు, హీరో కనపడగానే అందరూ ఫోన్లు ఎత్తి రికార్డు చేయడం. డబ్బు పెట్టి పెద్ద తెరకు వచ్చి, అరచేతి తెరలోంచి చూడటం ఏం సరదానో.

బెంగళూరులో హాళ్ళు తగ్గుతున్న మాట నిజమే. మెజెస్టిక్‌లో 1968 నాటి కపాలి 2017లో పోయింది, బ్రిగేడ్ రోడ్డు రెక్స్ 2018 ఆఖరి రోజున, సదాశివనగర్ కావేరి యాభై ఏళ్ళు ఆడి 2024లో. వాటి పైన ఆడే బొమ్మ కంటే వాటి కింది స్థలం ఎక్కువ పలుకుతోంది. ఒకప్పుడు థియేటర్లో అన్నిటికంటే చవక నేల టికెట్టే. ఇప్పుడు నేలే ప్రియమైపోయింది. 2004లో కోరమంగళ ఫోరమ్‌లో పీవీఆర్ పదకొండు తెరలతో మొదలైనప్పటి నుంచి దారి అటే. కాబట్టి పదేళ్ళకు ఇక్కడ మిగిలేవి మాల్ పై అంతస్తులో నూరు నూటయాభై సీట్ల గదులు, లాల్‌బాగ్ రోడ్డు ఊర్వశి లాంటి పెద్ద హాళ్ళు ఒకటో రెండో, వాటిలో పండగ సినిమాలు, పాత సినిమాల పుట్టినరోజులు. మెట్రో స్టేషను పక్కన ఉన్నవి బతుకుతాయని నా గట్టి నమ్మకం. కారు తీయకుండా పోగలిగితే సగం సినిమా చూసినట్టే.

మామ ఇప్పుడు ముసలివాడయ్యాడు. మొన్న కంటి శుక్లాల ఆపరేషనుకు మా ఇంటికి వచ్చి నెల రోజులున్నాడు. కన్ను కుదుటపడ్డాక టీవీలో ఏదో పాత సినిమా పెట్టాను. కుడివైపు పై మూలన చుక్క తళుక్కుమంది. స్కాను చేసినా ఆ గుర్తులు ప్రింటుతో పాటే వచ్చేస్తాయి. మామ కుర్చీలో కదిలి "మార్చాల" అన్నాడు. "ఏం మార్చాలి తాతా?" అని పాప రిమోటు తీసుకుని పోయింది.

ఊరికి పంపేముందు ఒక మంగళవారం మ్యాట్నీకి, పాత హాలు ఒకదానికి తీసుకుపోయాను. పట్టుమని ముప్పై మంది లేరు. ఇంటర్వెల్లో మామ సమోసా కూడా వద్దని మెట్లెక్కి క్యాబిన్ దగ్గరికి పోయి తలుపు తట్టాడు. లోపల ఒక కుర్రాడు, ఒక పెద్ద మిషను, పక్కన కంప్యూటరు. కుర్రాడు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. మంచివాడు, రమ్మన్నాడు. మామ గదంతా ఒకసారి కలియజూసి, మిషను మీద చెయ్యి ఆనించి చూసి, నా వైపు తిరిగి, "ఏసీ ఉందిరోయ్" అన్నాడు.