అల్లుడూ, ఆ 16 టీబీ డిస్కులకి అప్పుడే డబ్బు కట్టకు

అల్లుడూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 16 టీబీ డిస్కులు రెండు మంచి రేటుకి దొరుకుతున్నాయి, మూడో సర్వర్‌లో స్లాట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి రెండూ అందులోనే బిగించేస్తానన్నావు. కాస్త ఆగు.

సర్వర్ల డిస్కులన్నీ కలిపి ఒకే నిల్వగా వాడే నీ సెఫ్ క్లస్టర్‌లో ఉన్నవి మూడు సర్వర్లు, ఒక్కోదాంట్లో నాలుగు 4 టీబీ డిస్కులు, అంటే తలా 16 టీబీ. మూడు కాపీలు, ఏ రెండు కాపీలూ ఒకే సర్వర్‌లో ఉండకూడదు. కొత్తవి రెండూ మూడోదాంట్లో పెడితే 16, 16, 48. మొత్తం 80, మూడుతో భాగిస్తే ఇరవయ్యారు చిల్లర వస్తుందని లెక్క వేసుంటావు. రాదు. ప్రతి డేటాకీ మూడు సర్వర్లలోనూ తలా ఒక కాపీ పడాలి కదా, మొదటి రెండూ నిండిపోయాక మూడోదాంట్లో ఎంత చోటుంటే ఏం లాభం? నీకు దక్కేది 16 టీబీయే. 32 టీబీకి డబ్బు పోసి ఒక్క జీబీ కూడా ఎక్కువ రాదన్నమాట.

సరే మామయ్యా, మూడు కొని తలా ఒకటి పెడతానంటావా? అది నయమే, కాగితం మీద 32 టీబీ అవుతుంది. కానీ ఆ పెద్ద డిస్కు చస్తే ఏమవుతుందో ఎప్పుడూ ముందే లెక్క వేసుకోవాలి. సర్వర్ సగం నిండి ఉందనుకో: పెద్దదాంట్లో 8, చిన్నవి నాలుగింట్లో కలిపి 8. పెద్దది పోయింది. మిగతా రెండు సర్వర్లలో ఆ డేటా కాపీలు ఎలాగూ ఉన్నాయి, కాబట్టి మూడో కాపీ మళ్లీ ఈ సర్వర్‌లోనే తయారవ్వాలి, అంటే ఆ 8 కూడా చిన్న డిస్కుల్లోనే దూరాలి. 16లో 16. సెఫ్ అంతదాకా పోనివ్వదు, 85 శాతానికి వార్నింగ్ ఇస్తుంది, 90కి ఆ డిస్కులోకి బ్యాక్‌ఫిల్, అంటే పోయిన కాపీల్ని మళ్లీ నింపడం, ఆపేస్తుంది, ఒక్క డిస్కు 95కి చేరినా రాతలే ఆపేస్తుంది. 85 లోపు ఉండాలంటే నువ్వు ధైర్యంగా వాడుకోగలిగేది 13.6 టీబీ. అదే డబ్బులకి అటూ ఇటూగా సర్వర్‌కి రెండేసి 8 టీబీ డిస్కులు తీసుకున్నావనుకో, అప్పుడూ మొత్తం 32 టీబీయే, కానీ ఒకటి పోయినా 24 మిగులుతుంది, ధైర్యంగా 20.4 దాకా నింపొచ్చు. స్లాట్లు సరిపోతాయో లేదో ముందు చూసుకో.

ఇదంతా పుస్తకం చదివి చెప్పడం లేదు. నేను వెనకటికి పనిచేసిన ఒక చోట శనివారం సాయంత్రం ఇలాగే పెద్ద డిస్కు పోయింది. రెండు కాపీలున్నాయి కదా, సోమవారం చూద్దాం అనుకున్నాం. రాత్రికి బ్యాక్‌ఫిల్ 90 దగ్గర ఆగింది, ఆ మీద రాత్రి బ్యాకప్‌లు మొదలయ్యాయి, తెల్లారేసరికి ఒకే ఒక్క చిన్న డిస్కు 95 దాటింది, మొత్తం వర్చువల్ మెషీన్లన్నీ బిగుసుకుపోయాయి. మిగతా డిస్కుల్లో చోటుంది, అయినా అంతే. ఆ 95 శాతం హద్దుని, అదే ఫుల్ రేషియోని, 0.97కి పెంచి, పాత స్నాప్‌షాట్లు చెరిపి బయటపడ్డాం. ఆదివారం టిఫిన్ కూడా లేదు.

ఇంకోటి, స్పీడు. ఏ డిస్కుకి ఎంత డేటా పంచాలో చెప్పే క్రష్ వెయిట్ సైజుని బట్టే వస్తుంది, 4 టీబీకి 3.64, 16 టీబీకి 14.55. అంటే పెద్దదానికి నాలుగు రెట్ల పీజీలు (సెఫ్ డేటాని పంచే మూటలు), నాలుగు రెట్ల పని. తిరిగేది మాత్రం అదే 7200 ఆర్‌పీఎం. పెళ్లి బంతిలో ఒకడికి నాలుగు రెట్లు పొడుగు వరుస ఇచ్చి, చేతికి మాత్రం ఒకే గరిట, ఒకే సాంబారు బకెట్టు ఇచ్చినట్టు. ఒకే డిస్కుని నాలుగు ముక్కలు చేసి నాలుగు ఓఎస్‌డీలు (డిస్కుని నడిపే సెఫ్ ప్రోగ్రాములు) పెడతామనే తెలివితేటలు వద్దు, లోపల హెడ్‌లన్నిటినీ కదిపే చెయ్యి ఒక్కటే. స్పీడే ముఖ్యమైతే పెద్దదాని క్రష్ వెయిట్ 7కి దించెయ్. సగం చోటు వృథా అని ఏడుపొస్తుంది, కానీ మూడు సర్వర్ల క్లస్టర్‌లో నేనైతే అదే చేస్తాను. చదవడానికి ముందు ఏ డిస్కుని అడగాలో తేల్చే ప్రైమరీ అఫినిటీ దానికి తగ్గిస్తే చదవడాలు కూడా కొంత చిన్నవాటి మీదికి పోతాయి.

పీజీల్ని డిస్కులకి సమంగా సర్దే బ్యాలెన్సర్ ఆన్‌లోనే ఉందిగా అని నిశ్చింతగా ఉండకు. డేటా పెట్టిన నీ పూల్‌లో 128 పీజీలంటే, సర్వర్‌కో పెద్దది పెట్టాక దానికి 64, ఒక్కో చిన్నదానికి 16 పడతాయి. ఒక్క పీజీ అటూ ఇటూ అయితేనే చిన్న డిస్కులో ఆరు శాతం తేడా. ఎన్ని పీజీల తేడా దాకా ఊరుకోవాలో చెప్పే అప్‌మ్యాప్ మాక్స్ డీవియేషన్ డిఫాల్ట్‌గా 5 ఉంటుంది, అంటే 16 ఉండాల్సిన చోట 20 ఉన్నా బ్యాలెన్సర్ పట్టించుకోదు. దాన్ని 1 చెయ్, పీజీలు 256 చెయ్. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక చాలామంది సెఫ్‌ని తిట్టుకుంటారు.

కొనేటప్పుడు ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసే, రాతల్లో నెమ్మదించే ఎస్ఎంఆర్ డిస్కు అంటగట్టకుండా మోడల్ నంబర్ చూసి తీసుకో.

ఈ రాత్రికి "సెఫ్ ఓఎస్‌డీ డీఎఫ్ ట్రీ" కమాండ్ కొట్టి వచ్చింది మొత్తం నాకు పంపు. అందులో యూజ్ శాతం ఉన్న నిలువు వరుస చూసి 8 టీబీలు ఎన్ని కావాలో చెప్తాను. దుకాణం వాడిని రెండు రోజులు ఆగమను. అన్నట్టు, గోంగూర పచ్చడి సీసా అందిందని అమ్మకి చెప్పు.

మీ మామయ్య