తలకు తగిలే అడ్డంకులకు స్మార్ట్‌కేన్

మీ తమ్ముడు అంధులు వాడే తెల్లకర్రతో బాగానే నడుస్తున్నా చెట్టుకొమ్మలు, ఆగి ఉన్న లారీల వెనుక భాగాలు ముఖానికి తగులుతున్నాయని, ఫోన్‌లోని మ్యాప్ యాప్ దీనికి సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో వీధిని, మలుపును చెప్పగలదే గాని ఎదురుగా వేలాడే కొమ్మను గుర్తించలేదు. మోకాలి నుంచి తల ఎత్తు వరకు ఉండే అడ్డంకుల కోసం ఐఐటీ ఢిల్లీ రూపొందించిన స్మార్ట్‌కేన్ 2014లో విడుదలైంది. మడత కర్ర పైభాగాన బిగించే ఈ పరికరం అల్ట్రాసోనిక్ (చెవికి వినిపించని శబ్ద) తరంగాలను పంపి, ఆరుబయట సుమారు 3 మీటర్ల దూరంలోని వస్తువును సైతం పిడిలో కలిగే కంపనం ద్వారా తెలియజేస్తుంది. వస్తువు దగ్గరపడే కొద్దీ కంపనం తీరు మారుతుంది. ఇంట్లోనూ రద్దీలోనూ తక్కువ దూరపు అమరికనే వాడాలి, లేకపోతే ప్రతి గోడకూ వణుకుతూ విసుగు పుట్టిస్తుంది. గుంతలను, దిగుడు మెట్లను ఇది పసిగట్టదు గనుక కర్రతో నేలను తడుముతూ నడవడం మానకూడదు. మొదట తెలిసిన దారిలో, శిక్షకుని సమక్షంలో అలవాటు చేయించండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరపై ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో మ్యాప్ వినేటప్పుడు ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి. వాహనాల చప్పుడు వినవలసిన రెండు చెవులనూ మూసుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.