బెల్జియంలోని లూవెన్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది, డచ్ రాదు, అక్కడి ఫ్లెమిష్ వాళ్ళు (డచ్ మాట్లాడే బెల్జియన్లు) ఎవర్నీ కలుపుకోరంట, ఒంటరిగా అయిపోతానా?

డచ్ సంగతి ముందు పక్కన పెట్టండి. మనలాంటివాళ్ళు చేరే మాస్టర్స్ కోర్సులు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి, బేకరీలో పెద్దావిడ దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ దాకా చాలామందికి ఇంగ్లీషు వచ్చు, మనం కష్టపడి డచ్‌లో ఒక వాక్యం మొదలుపెడితే సగంలోనే జాలిపడి వాళ్ళే ఇంగ్లీషులోకి వచ్చేస్తారు. బెల్జియం పడమటి మూలన ఉన్న వెస్ట్ ఫ్లాండర్స్ వాళ్ళ యాసకైతే వాళ్ళ టీవీలోనే సబ్‌టైటిల్స్ వేస్తారు, ఇంక మనమెంత. నేర్చుకోవద్దని అనట్లేదు, తర్వాత ఉద్యోగం వెతుక్కునేటప్పుడు బాగా పనికొస్తుంది, నేర్చుకోండి. కానీ అక్కడ మిమ్మల్ని ఒంటరిని చేసేది భాష కాదండీ, శుక్రవారం.

శుక్రవారం మధ్యాహ్నం బాండ్‌హెనోటెన్‌లాన్ అని స్టేషన్‌కి వెళ్ళే పెద్ద రోడ్డు ఉంటుంది, అక్కడ నిలబడి చూడండి. పిల్లలందరూ ట్రాలీ సూట్‌కేసులు గడగడా లాక్కుంటూ పోతుంటారు, అందులో ఉండేది వారం రోజుల మాసిన బట్టలు. ఈ డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ చిన్న ప్రాంతం, రైలెక్కితే ఎక్కువమందికి గంటా రెండు గంటల్లో ఇల్లు వచ్చేస్తుంది, అక్కడ అమ్మ వంట, వాషింగ్ మెషీన్, చిన్నప్పట్నుంచి ఉన్న స్కౌట్స్ బ్యాచ్, ఫుట్‌బాల్ క్లబ్ అన్నీ రెడీగా ఉంటాయి. అందుకే అక్కడ స్టూడెంట్స్ పార్టీ గురువారం రాత్రి, ఔడే మార్క్ట్ అనే కూడలిలో బార్ పక్కన బార్ అన్నీ కిక్కిరిసిపోతాయి, శనివారానికి అదే పిల్లల్లో సగం మంది ఊళ్ళోనే ఉండరు. మన దగ్గర వీకెండ్ అంటేనే కదా స్నేహితులు, అక్కడ రివర్సు. మొదటి నెల శని ఆదివారాలు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేసరికి నన్నే తప్పించుకు తిరుగుతున్నారేమో అనుకునేదాన్ని, తీరా చూస్తే వాళ్ళు వాళ్ళ నాన్న కారు తోముతున్నారు అంతే.

స్టూడెంట్ రూమ్‌ని అక్కడ కాట్ అంటారు. మాది అయిదారుగురికి కలిపి ఒకే కిచెన్ ఉన్న ఇల్లు, నేను తప్ప అందరూ ఫ్లెమిష్. ఆదివారం రాత్రి వాళ్ళు తిరిగొచ్చాక ఫ్రిజ్ చూడాలి మీరు. ఒక్కొక్కళ్ళూ ప్లాస్టిక్ డబ్బాలు దింపుతారు, స్పగెట్టీ సాస్, సూప్, స్ట్యూ, మూతల మీద ఏ రోజు ఏది తినాలో కూడా వాళ్ళమ్మలే రాసి పంపిస్తారు. నా అరలో ఉన్న పెరుగు గిన్నె ఎక్కడో మూలకి పోయేది, ఎన్నిసార్లు తెచ్చి ముందర పెట్టినా అంతే, దానిమీద నాకు ఇప్పటికీ కోపమే. పగలు మాత్రం చల్లటి బ్రెడ్డు, చీజు ముక్క, మళ్ళీ రాత్రికే ఏదైనా వేడిగా, ఎలా బతుకుతారో నాకు అర్థం కాలేదు.

అయితే జూన్ పరీక్షలప్పుడు మా ఇంట్లో ఎవరూ ఊరెళ్ళలేదు. చదువుకునే ఆ వారాలని బ్లాక్ అంటారు, ఊరు ఊరంతా లైబ్రరీల్లో సీట్ల కోసం కొట్టుకుంటుంది. అప్పుడు పక్క రూమ్ అమ్మాయి వాళ్ళమ్మ కారేసుకుని డబ్బాలు దింపడానికి వచ్చింది, నన్ను కిచెన్‌లో చూసి నువ్వేం తింటున్నావు అని అడిగింది, నేను మాంసం తిననండీ అన్నాను, అంతే మాట్లాడుకున్నాం. వాళ్ళు టమాటా సూప్‌లో చిన్న చిన్న మాంసం ఉండలు వేస్తారు, అది లేకపోతే వాళ్ళకి సూపే కాదు. ఆ తర్వాత వారం ఉండలు లేకుండా చేసిన టమాటా సూప్ డబ్బా ఒకటి నాకు విడిగా వచ్చింది, మూత మీద నా పేరు, స్పెల్లింగ్ పూర్తిగా తప్పు. రుచి సంగతి అడక్కండి, కారం కలుపుకున్నాను.

ఇప్పుడు ఆ డబ్బా ఖాళీగా ఎలా ఇస్తాం చెప్పండి, మా ఇంట్లో అయితే అమ్మ తిడుతుంది. ఆసియన్ షాపులో దొరికిన చింతపండు గుజ్జుతో పులిహోర కలిపి, పల్లీలు కాస్త ఎక్కువే వేసి, నింపి ఇచ్చాను. వాళ్ళు దాన్ని కాల్చిన కోడితో తిన్నారంట! అది విని నేను కాసేపు మాట్లాడలేదు. వాళ్ళ నాన్న తాలింపులో ఎండుమిరపకాయ కూడా కరకరా నమిలేశాడంట, పక్కకి తీసేయాలని ఆయనకెలా తెలుస్తుంది పాపం. అక్కడ్నుంచి ఆ డబ్బా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. సంవత్సరమంతా హాయ్, బై తప్ప ఇంకో మాట లేని అమ్మాయి కిచెన్‌లో కూర్చుని వాళ్ళ ప్రొఫెసర్ని తిట్టడం మొదలుపెట్టింది. వాళ్ళు ముభావం మనుషులేం కాదు, ఊరికే కబుర్లు చెప్పడం రాదు అంతే, మధ్యలో ఏదో ఒక పని ఉండాలి.

భాష విషయంలో మాత్రం జోకులేయకండి, వాళ్ళకి అది చాలా సీరియస్. 1968లో ఈ డచ్, ఫ్రెంచ్ గొడవతోనే అయిదువందల ఏళ్ళు దాటిన యూనివర్సిటీ రెండయింది, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళు వెళ్ళి లూవెన్-లా-నూవ్ అని కొత్త ఊరే కట్టుకున్నారు, లైబ్రరీ పుస్తకాలు కూడా సరి సంఖ్యలు మీకు, బేసి సంఖ్యలు మాకు అని పంచుకున్నారు. ఢిల్లీలో ఆంధ్రా భవన్ పంపకాన్ని ఏళ్ళ తరబడి సాగదీసిన మనం నవ్వడానికి లేదులెండి.

ఇంకోటి, సిటీ ఆఫీసులో రిజిస్టర్ చేసుకున్నాక మీరు నిజంగా ఆ అడ్రసులోనే ఉంటున్నారా అని చూడ్డానికి పోలీసాయన ఇంటికొస్తాడు, అది మామూలే, పోస్టు డబ్బా మీద పేరు అంటించి పెట్టుకోండి, ఇంటికి మాత్రం ఫోన్ చేసి పోలీసులొచ్చారని చెప్పకండి. కన్సల్టెన్సీ వాళ్ళు పార్ట్‌టైమ్‌తో ఖర్చులన్నీ వెళ్ళిపోతాయని చెప్తే నమ్మకండి, కాలేజీ నడిచే రోజుల్లో మనకి వారానికి 20 గంటలే పర్మిషన్.

మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరండి, బియ్యం ఎక్కడ దొరుకుతుందో వాళ్ళే చెప్పాలి, కానీ నలుగురు తెలుగువాళ్ళే కలిసి ఇల్లు తీసుకుంటే రెండేళ్ళూ అమీర్‌పేటలో ఉన్నట్టే ఉంటుంది. సొంత కిచెన్, సొంత బాత్రూమ్ అని స్టూడియో వెతుక్కుంటారు చాలామంది, అది అసలొద్దు. కలిపి వాడే కిచెన్ ఉన్న కాట్ తీసుకోండి, ఫ్రిజ్‌లో మీ అర ఏదో మొదటిరోజే తేల్చుకోండి, పై అర అడగండి. కాదు స్టూడియోనే కావాలంటే మీ ఇష్టం, ఏడాది తర్వాత వచ్చి వాళ్ళు ఎవర్నీ కలుపుకోరు అని మాత్రం రాయకండి.