విడిపోతామని ముందే తెలిసిన బ్యాండ్‌తో ఊరి మీద పాటలు చెయ్యొచ్చా?

కాలేజీ అయిపోగానే తలో ఊరికి పోతామని, ఈలోపు వైజాగ్ మీద తెలుగులో ఇండీ పాప్ పాటలు (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసుకునేవి) చేస్తే వృథా ప్రయాసేనా అని అడిగారు. కాదు. మొదలుపెట్టెయ్యండి. మాదీ అలాంటి బ్యాండే. ఫైనలియర్‌లో పుట్టింది, ఉద్యోగాలొచ్చి ఒక్కొక్కరూ రైలెక్కేసరికి అయిపోయింది. గొడవలేం లేవు. రెండో ఆల్బమ్ ఎలా ఉండాలన్న టెన్షన్ కూడా లేదు, అదొక సుఖం. లండన్‌లో హెఫ్నర్ అనే బ్యాండ్ ఉండేది. 2000లో వాళ్లు తెచ్చిన ఆల్బమ్ చాలావరకు ఆ ఊరి చుట్టూనే తిరుగుతుంది. 2002 కల్లా బ్యాండే లేదు. నేను లండన్ మొహం చూడలేదు గానీ ఆ పాటలు ఇప్పటికీ వింటాను.

పాటల విషయానికొస్తే, ‘సుందర సాగరతీరం’ జోలికి మాత్రం పోకండి. అది టూరిజం శాఖ చూసుకుంటుంది. మీరు మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కి కూర్చోండి. ‘ఎన్ఏడీ, గాజువాక, గాజువాక’ అని డ్రైవర్లు పెట్టే కేకలోంచే మా మొదటి కోరస్ వచ్చింది. అయితే ఫోర్ బై ఫోర్‌లో, అంటే నాలుగేసి దెబ్బల తాళంలో, ఎంత కుక్కినా కుదరలేదు. చివరి ‘క’ను సాగదీస్తే ఏడుస్తున్నట్టు ఉంది. స్కూల్లో నేర్చుకున్న గురువులు లఘువులు అప్పుడు పనికొచ్చాయి. గాజువాకకు ఆరు మాత్రలు. ఆరేసి లెక్కల తాళమైన సిక్స్ బై ఎయిట్‌లోకి మార్చగానే ఆటోవాడు అరిచినట్టే పడింది. మద్దిలపాలెం ఎనిమిది మాత్రలు, అది ఫోర్ బై ఫోర్‌లో హాయిగా నడిచిపోతుంది. అందుకే చరణం ఒక నడకలో, కోరస్ ఇంకో నడకలో పెట్టుకున్నాం. మా డ్రమ్మర్ మాత్రం ఊరిని తిట్టుకుంటూనే వాయించేవాడు.

హుద్‌హుద్ తుఫాను మీద కూడా రాశాం. 2014 అక్టోబరు 12న ఇక్కడున్న వాళ్లెవరికీ ఆ గాలిని వర్ణించి చెప్పక్కర్లేదు. ఒకవైపు నుంచి వీచి, మధ్యలో కాసేపు ఆగి, మళ్లీ ఎదురువైపు నుంచి కొట్టింది. ఆకులన్నీ రాలిపోయి కొండలు కాలిపోయినట్టు కనిపించాయి. మా పాటలో ఇవేవీ లేవు. కరెంటు లేని ఆ రోజుల్లో మా అక్కయ్యపాలెంలో ఒక మెడికల్ షాపుకు జనరేటర్ ఉండేది. కౌంటర్ మీద ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వాటి నిండా వీధివాళ్ల ఫోన్లు. ఏది ఎవరిదో తెలియడానికి షాపాయన దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్కలు చింపి, పేర్లు రాసి అంటించాడు. ‘నూకరాజు’, ‘మూడో ఫ్లోర్ మేడం’, ‘పాలబ్బాయి’. పాటంతా ఆ పేర్లే. బీచ్ రోడ్డులో వాయించినప్పుడు మురీ మిక్స్‌చర్ పొట్లంతో నిలబడి విన్న ఒకావిడ దగ్గరికొచ్చి, ‘ఏటి బాబూ, అది మా సీతమ్మధార షాపేనా?’ అంది. తుఫాను అన్న మాట పాటలో ఎక్కడా లేకపోయినా ఆవిడకు అర్థమైపోయింది.

విడిపోయేలోపు చేసుకోవాల్సిన పని ఒకటుంది, బోరే అనుకోండి. కాపీరైట్ చట్టం ప్రకారం మాటల మీద హక్కు రాసినవాళ్లకు, ట్యూన్ మీద హక్కు కట్టినవాళ్లకు, రికార్డింగ్ మీద హక్కు దాని నిర్మాతకు వస్తాయి. మీలో ఎవరు ఏంటన్నది ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. స్నేహం బాగున్నప్పుడే ఇది ఐదు నిమిషాల పని. స్ట్రీమింగ్ యాప్‌ల్లోకి పాటలు పంపే సర్వీసులు కొన్ని ఏటా ఫీజు అడుగుతాయి, కట్టకపోతే పాటలు తీసేస్తాయి. మావి అలాగే పోయాయి. అకౌంట్ ఎవరో ఒక్కరి మెయిల్ మీద కాకుండా బ్యాండ్ పేరుతో తెరవండి. ఫైనల్ మిక్స్ ఒక్కటే కాదు, గొంతు, గిటార్, డ్రమ్స్ లాంటివి వేటికవే ఉండే విడివిడి ట్రాకులు కూడా కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. గాజువాక పాటవి మా డ్రమ్మర్ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయట. ఆ మోడల్ ఛార్జర్ దొరకడం లేదంటున్నాడు.