ఇల్లు తాకట్టు పెట్టి ‘లిమిటెడ్’ అంటే ఎలా?

ప్రశ్న: నా వయసు 38. కాశీబుగ్గలో జీడిపప్పు ఇండస్ట్రీలో తొమ్మిదేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. ఇప్పుడు మా బావమరిదితో కలిసి సొంతంగా చిన్న యూనిట్ పెడుతున్నాను. షెడ్డు అద్దె 12 వేలు, ఇద్దరు పర్మనెంటు మనుషుల జీతాలు 24 వేలు. మెషిన్లకి 15 లక్షలు టర్మ్ లోన్, 10 లక్షలు సీసీ (క్యాష్ క్రెడిట్, అవసరమైనప్పుడు వాడుకునే అప్పు) ఇస్తామని బ్యాంకు వాళ్లన్నారు, అమ్మ పేరు మీదున్న ఇల్లు తాకట్టు పెట్టాలి. పొలం అమ్మిన 9 లక్షలు ఉన్నాయి, అదంతా జీడి పిక్కల మీద పెడతాను. సీజన్‌లోనే కొనేయాలి కాబట్టి తెలిసినాయన దగ్గర ఇంకో 6 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే వ్యాపారం దెబ్బతిన్నా ఇల్లు పోదని ఫ్రెండ్ చెప్పాడు. నిజమేనా? లేక ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే పార్ట్‌నర్‌షిప్) మంచిదా? కంపెనీకి మా అమ్మాయి పేరు పెట్టాలని ఉంది. సేవింగ్స్ 70 వేలు, 5 లక్షల ఎల్ఐసీ పాలసీ ఒకటి ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకి 28 వేలు. నాన్నగారు డయాలసిస్ మీదుండి నాలుగేళ్ల కిందట పోయారు. — పలాస నుంచి ఒక పాఠకుడు

జవాబు: కంపెనీ పెట్టుకోవచ్చు. ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు చాలు, మీరూ మీ బావమరిదీ సరిపోతారు. కనీసం ఇంత మూలధనం ఉండాలన్న నిబంధన 2015లోనే తీసేశారు. అయితే మీరు ఏ పని కోసం కంపెనీ పెడదామనుకుంటున్నారో ఆ పని మాత్రం దానివల్ల కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, రైసు మిల్లని ఒకరు, ఇటుక బట్టీ అని ఇంకొకరు, అందరిదీ ఒకటే నమ్మకం, పేరు చివర లిమిటెడ్ అని చేరితే అప్పు ఇంటి గుమ్మం దాకా రాదని. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

కంపెనీ అప్పు కంపెనీదే, నిజమే. కానీ రేపు బ్యాంకులో మీ ముందు పెట్టే కాగితాలు ఎలా ఉంటాయో చూడండి. లోను కంపెనీ పేరు మీద ఉంటుంది. దాని కిందే మీరూ మీ బావమరిదీ విడివిడిగా ఇచ్చే పర్సనల్ గ్యారంటీ ఉంటుంది. ఇల్లు అమ్మగారిది కాబట్టి ఆవిడ చేత కూడా సంతకం పెట్టించి, ఒరిజినల్ దస్తావేజులు తీసుకుంటారు. ఆ సంతకం పడిన నిమిషం నుంచి మీ వరకు లిమిటెడ్ అనే మాటకి అర్థం పోయినట్టే. హామీ ఇచ్చినవాడి బాధ్యత అసలు బాకీదారుడి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. కంపెనీ దివాలా పరిష్కారం పూర్తయినా హామీదారుడు తప్పించుకోలేడని 2021 మే నెలలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. మూడు నెలలు కిస్తీ ఆగితే ఖాతా మొండిబాకీలోకి పోతుంది, ఆపైన 60 రోజుల నోటీసు, అదీ దాటితే సర్ఫేసీ చట్టం కింద, ముందు కోర్టులో దావా వేసి గెలవాల్సిన పని లేకుండానే, ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంది. అప్పుడు మీ ఇంటి తలుపు మీద నోటీసు అంటిస్తారు, అందులో అమ్మగారి పేరు కూడా ఉంటుంది.

ఇక ఆ రెండు రూపాయలాయన సంగతి. ఆయన మీ కంపెనీ లెటర్‌హెడ్ చూసి అప్పివ్వడు కదా, మీ చేత, వీలైతే మీ ఆవిడ చేత కూడా ప్రామిసరీ నోటు రాయించుకుంటాడు. పైగా ఖాళీ చెక్కులు. కంపెనీ చెక్కే అయినా బౌన్స్ అయితే సంతకం పెట్టిన డైరెక్టరు మీద కేసు నడుస్తుంది. పన్ను బకాయిల్లోనూ కొన్ని సందర్భాల్లో చట్టం డైరెక్టర్ల దాకా వస్తుంది.

మరి ఆ 6 లక్షలతో ఏం వస్తుంది? 80 కేజీల బస్తా 12 వేలు అనుకుందాం, 50 బస్తాలు. ఒక్కో బస్తా మీద నెలకి 240 రూపాయల వడ్డీ, ఆరు నెలలు గోడౌన్‌లో ఉంటే 1,440. బస్తాకి 20 కేజీల పప్పు దిగుతుందనుకుంటే కేజీకి 72 రూపాయలు వడ్డీకే పోయాయి. గుండు, బద్ద, ముక్క అన్నీ కలిపి సగటున కేజీకి మీకు మిగిలేది ఎంతో తొమ్మిదేళ్లు ఆ లెక్కలు చూసిన మీకు నేను చెప్పాలా? ఆ అప్పు వద్దు. తక్కువ వడ్డీకి అడిగి చూస్తాననీ, సగమే తెస్తాననీ అనకండి. అసలు వద్దు. ఆ 50 బస్తాలు ఈ సీజన్‌కి కొనకపోతే యూనిట్ మూతపడదు.

అసలు నాకు కోపం వచ్చింది ఆ 70 వేలు చూసి. టర్మ్ లోను 11 శాతం మీద ఐదేళ్లకి అనుకుంటే కిస్తీ 32,600. సీసీ పూర్తిగా వాడితే వడ్డీ 9 వేల పైన. రెండు రూపాయల వడ్డీ 12 వేలు. ఒక్క పిక్క కొట్టకముందే నెలకి దాదాపు 54 వేలు బయటికి పోవాలి. దానికి అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు కలిపితే లక్షా 18 వేలు. మీ దగ్గరున్న 70 వేలు 18 రోజులకి వస్తాయి. బాయిలర్‌లో ఏదో పాడై మెకానిక్ వచ్చేలోపే అయిపోతాయి.

తిత్లీ తుపాను మీకు గుర్తు చేయక్కర్లేదు, 2018 అక్టోబరు 11న మీ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత కొన్నాళ్లకి మీ వైపు నుంచే ఒకాయన నా దగ్గరికి వచ్చారు. రేకులు లేచిపోయాయి, పిక్కలు తడిసి బస్తా మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతున్నాయట, బూజు వాసన. ఇన్సూరెన్స్ ఉందిగా అని ధైర్యంగా ఉన్నారు. పాలసీ తీసి చూస్తే అది మెషిన్లకే, అదీ షెడ్డు అడ్రసుకే. సరుకు ఉన్నది పక్క వీధిలో అద్దె గోడౌన్‌లో, ఆ అడ్రసు పాలసీలో ఎక్కడా లేదు. కరెంటు వచ్చి యూనిట్ మళ్లీ నడిచేలోపు రెండు కిస్తీలు చేబదులు తెచ్చి కట్టారు, ఆ చేబదులు తీర్చడానికి మూడేళ్లు పట్టింది. ఆయనదీ ప్రైవేట్ లిమిటెడే.

కాబట్టి పొలం డబ్బు 9 లక్షల్లోంచి ముందు రెండున్నర లక్షలు తీసి పక్కన పెట్టండి. రెండు రూపాయల అప్పు లేకపోతే మీ నెల ఖర్చు లక్షా ఆరు వేలు, మూడు నెలలకి 3 లక్షల 18 వేలు, మీ 70 వేలు కలిస్తే లెక్క సరిపోతుంది. నిజానికి నేను ఎవరికైనా ఆరు నెలలు అంటాను, మీ పరిస్థితి చూసి మూడుతో మొదలుపెట్టమంటున్నాను, మిగతా మూడూ మొదటి ఏడాది లాభంలోంచి పోగేయండి. ఈ డబ్బు కరెంట్ అకౌంట్‌లో ఉండకూడదు, సీసీలో జమ చేసి వడ్డీ మిగిల్చాననుకోకూడదు, పిక్కలు చవగ్గా వస్తున్నాయని తీయకూడదు. మీ ఆవిడ పేరుతో, లోను లేని వేరే బ్యాంకులో ఎఫ్‌డీ వేయండి. పొలం డబ్బు కదా, ఎఫ్‌డీలో పెడితే ఏం పెరుగుతుందని మీ బావమరిది అనొచ్చు. అది పెరగడానికి పెట్టే డబ్బు కాదని ఆయనకి చెప్పండి.

ఇన్సూరెన్స్‌లో మొదటిది షెడ్డుకి, సరుకుకి. ఒక చోట ఉన్న ఆస్తి 5 కోట్ల లోపైతే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, 2021 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇస్తున్నాయి, అగ్ని ప్రమాదంతో పాటు తుపాను, వరద కూడా అందులోనే. సీజన్‌లో గోడౌన్ నిండుగా ఉన్నప్పటి విలువ రాయించండి, సరుకు ఉండే ప్రతి అడ్రసూ రాయించండి. జీడి తొక్క ఎలా మండుతుందో తెలిసినవారు, ఆ గుట్టలు సరుకు పక్కన పెట్టకండి.

రెండోది మీకు. 25 లక్షల అప్పు నెత్తిన పెట్టుకునే మనిషికి 5 లక్షల పాలసీ ఏ మూలకి? కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. రెండు రూపాయల అప్పుకి కట్టబోయిన వడ్డీ రెండు మూడు నెలలది చాలు ఏడాది ప్రీమియానికి. అప్లికేషన్‌లో వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటున్నారా అని ఒక గడి ఉంటుంది, చాలామంది ఏజెంట్లు దాన్ని దాటేస్తారు. అక్కడ టిక్ పెట్టి భార్య, పాప పేర్లు రాయండి. 1874 నాటి ఆ చట్టం ప్రకారం ఆ డబ్బు వాళ్లదే, అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. అప్పులవాళ్లకి అందని ఆస్తి కావాలని కదా మీరు కంపెనీ పెడదామనుకున్నది! ఇది పాలసీ తీసుకునేటప్పుడే చేయాలి, తర్వాత కుదరదు.

మూడోది ఆరోగ్యం. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, నాన్నగారి జబ్బు మీరే రాశారు. ఉచిత వైద్యానికి సర్కారు కార్డు ఉంది కదా అని ఊరుకోకండి, వ్యాపారం బాగుండి ఆదాయపు పన్ను కట్టడం మొదలైతే ఆ కార్డు ఎంతకాలం నిలుస్తుంది? కుటుంబానికి 10 లక్షల హెల్త్ పాలసీ ఇప్పుడే, కిడ్నీ పరీక్షలో మీ క్రియాటినిన్ బాగున్నప్పుడే తీసుకోండి. నాన్నగారి సంగతి అడిగినచోట దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బుకి మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టే అవకాశం ఉంది కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ నష్టం మీకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

ఎల్ఎల్‌పీ అన్నా బ్యాంకు అదే గ్యారంటీ అడుగుతుంది. ప్రస్తుతానికి మామూలు పార్ట్‌నర్‌షిప్ చాలు, బావమరిదితో వాటాలు, జీతాలు, విడిపోతే మెషిన్లు ఎవరివి అన్నది డీడ్‌లో రాసుకోండి. కంపెనీకైతే అమ్మకాలు ఉన్నా లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు, వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు, చివరికి మూసేయాలన్నా 10 వేల ఫీజు. మీరు వెళ్లి అడగాల్సింది బ్యాంకు మేనేజర్‌ని: చిన్న పరిశ్రమల అప్పుకి బ్యాంకుకి హామీ ఇచ్చే క్రెడిట్ గ్యారంటీ ట్రస్ట్ కింద ఇల్లు తాకట్టు లేకుండా ఎంత ఇస్తారని. 25 బదులు 12 లక్షలే ఇస్తామన్నా అదే తీసుకోండి, డ్రయ్యర్ ఒకటి తగ్గించుకుని, బయటివాళ్ల పిక్కలు జాబ్‌వర్క్‌కి తెచ్చుకుని ఏడాది నడపండి. పిక్కలు అమ్మేవాళ్లు మీ సొంత హామీ అడగకుండా పెద్ద మొత్తంలో అరువిచ్చే రోజు వస్తే అప్పుడు కంపెనీ గురించి మాట్లాడదాం, అరువు బాకీల విషయంలో దాని రక్షణ నిజంగానే పనికొస్తుంది.

పాప పేరు అన్నారు. కంపెనీ పేరు రిజిస్టర్ చేసినంత మాత్రాన ఆ పేరుతో ఇంకొకరు ప్యాకెట్ అమ్మకుండా ఆపలేరు, దానికి ట్రేడ్‌మార్క్ ఉండాలి. చిన్న పరిశ్రమలకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 4,500 రూపాయలు, కంపెనీ లేకుండానే వేయొచ్చు.