కాఫీ తోటలో లొకేషన్ పట్టక తంటాలు పడుతున్న మేనల్లుడికి

చి. చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

తోటల్లో బిందువులు తీసుకోబోతే ఫోన్‌కు లొకేషన్ త్వరగా పట్టడం లేదని మొన్న నువ్వు ఫోన్లో విసుక్కుంటుంటే నా పాత రోజులు గుర్తొచ్చాయి. కాఫీ తోటలో నిలబడి, మ్యాప్‌లో మనమున్న చోటు చూపే నీలం చుక్క కోసం ఐదు నిమిషాలు ఎదురుచూడటం, పక్కనున్న రైతు "అయిందా బాబూ" అని అడగడం! అటవీ హక్కుల చట్టం వచ్చాక అదే పాడేరు కొండల్లో పోడు భూములు కొలిచినప్పుడు నా చేతిలో ఈట్రెక్స్ అనే పసుపుపచ్చ జీపీఎస్ పరికరం ఉండేది. దానితోనూ ఇదే గోల. నువ్వు కొత్త ఫోన్ కొంటానన్నావు. కొనే ముందు ఇది చదువు.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నదీ టైమెంతైందీ చెబుతూనే ఉంటాయి. కానీ చెప్పే వేగం సెకనుకు 50 బిట్లే. నువ్వు రోజూ పొద్దున్నే నాకు పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ వంద కేబీలుందనుకో, ఆ వేగంతో వస్తే నాలుగు గంటలు దాటుతుంది. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరాలు చెప్పడానికి 18 సెకన్లు తీసుకుంటుంది. 30 సెకన్లకోసారి అదే పాఠం మళ్ళీ మొదలుపెడుతుంది. మధ్యలో ఒక ముక్క వినపడకపోతే అది మళ్ళీ వచ్చేదాకా కూర్చోవాల్సిందే. ఇలా కనీసం నాలుగు ఉపగ్రహాల మాట పూర్తిగా వినాలి. సరిగ్గా వినపడని ఫోన్లో ఎవరో పది అంకెల నంబరు చెబుతుంటే మనం "ఏంటీ, మళ్ళీ చెప్పండి" అంటామే, సిల్వర్ ఓక్ నీడలో నీ ఫోన్ పరిస్థితి అదే. నువ్వేమో దాన్ని చేత్తో పట్టుకుని నడుస్తూనే ఉంటావు.

అందుకే మొదటి అర నిమిషం దానికి ఆకాశం చూపించు. తోటలోకి దిగకముందే, దారి పక్కనో కళ్లంలోనో తెరిపిగా ఉన్న చోట కదలకుండా నిలబడు. ఎక్కువ ఫోన్లలో యాంటెన్నా పై అంచు దగ్గరుంటుంది, అక్కడ వేళ్ళు అడ్డం పెట్టకు. ఒంటికి ఆనించకుండా కాస్త దూరంగా పట్టుకో. మన ఒళ్ళంతా నీళ్ళేగా, ఆ సంకేతాన్ని నీళ్ళు మింగేస్తాయి. వాన వెలిశాక తడి ఆకుల కింద మరీ పట్టనిది అందుకే. బండికి తగిలించడానికని కవర్లో ఇనప రేకు పెట్టావు చూడు, పని చేసేటప్పుడు ఆ కవర్ తీసెయ్.

అంతకంటే సుఖమైన దారి ఇంకొకటుంది. ఉపగ్రహం నత్తనడకన చెప్పే ఆ వివరాలనే ఫోన్ ఇంటర్నెట్ నుంచి రెండు మూడు సెకన్లలో తెచ్చుకోగలదు. ఏ-జీపీఎస్ అనేది దీన్నే. టవర్ దొరకని లోయలోకి దిగాక ఆ సాయం అందదు. కాబట్టి పొద్దున పాడేరులో టీ తాగేటప్పుడే డేటా ఆన్ చేసి, బయట నిలబడి మ్యాప్ తెరువు, చుక్క కుదురుకునేదాకా ఉంచు. ఆ వివరాలు కొన్ని గంటలపాటు పనికొస్తాయి. మధ్యాహ్నం భోజనానికి సిగ్నల్ ఉన్న చోటికి వస్తే ఇంకోసారి అదే పని చెయ్. లోయలో టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోతోందన్నావు కదా, అక్కడ ఫ్లైట్ మోడ్‌లో పెట్టెయ్. జీపీఎస్‌కు వినడమే తప్ప పంపే పని లేదు, దాదాపు అన్ని ఫోన్లలోనూ అది పనిచేస్తూనే ఉంటుంది. కాకపోతే లొకేషన్ బటన్ ఆన్‌లో ఉందో లేదో ఓసారి చూసుకో.

సెట్టింగుల సంగతి. బ్యాటరీ సేవర్ తీసెయ్, అది లొకేషన్ గొంతు నొక్కుతుంది. యాప్‌కు ఇచ్చిన అనుమతిలో ఖచ్చితమైన లొకేషన్ అన్నది ఆన్‌లో ఉండాలి. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉంచు. ఇక ఫోన్ పట్టుకుని గాల్లో ఎనిమిది అంకె గీస్తుంటావు చూడు, అది దిక్సూచి కోసం. బాణం ఎటు చూపాలో సరిచేస్తుందంతే, చుక్క త్వరగా రావడానికి అది అక్కరకు రాదు. నీ అవస్థ చూసి మీ అత్తయ్య ఒకటే నవ్వు.

ఉపగ్రహాలు ఎన్ని పట్టాయో గీతల్లో చూపించే ఉచిత యాప్‌లున్నాయి, ఒకటి పెట్టుకో. ఒక్కో గీత దగ్గర సంకేతం ఎంత బలంగా ఉందో చెప్పే అంకె ఉంటుంది, అది 30 దాటిన గీతలు నాలుగైదు కనిపిస్తే తోటలోకి దిగు. కొత్త ఫోన్ కొనాలనే ఉంటే కెమెరా చూసి కొనకు. ఉపగ్రహాలు ఎల్1, ఎల్5 అనే వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద సంకేతాలు పంపుతాయి, ఆ రెండూ పట్టేదా అని అడుగు. చెట్లకూ కొండలకూ తగిలి వచ్చే దొంగ సంకేతాన్ని ఎల్5 బాగా వడగడుతుంది. జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా ఆ ఎల్5 మీదే మొదలైంది. దాని తొలి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది. ఆ రాత్రి నేను టీవీ ముందు నుంచి లేవలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నా. చుక్క రాగానే బటన్ నొక్కకు. మొదట వచ్చేది చాలాసార్లు టవర్‌ను బట్టి ఫోన్ వేసిన అంచనా. చుట్టూ ఉన్న లేతనీలం వలయం చిన్నదయ్యేదాకా, యాప్‌లో మీటర్ల అంకె పదిలోపు వచ్చేదాకా ఆగు. ఒకసారి ఒక ముసలాయన పొలం కొలుస్తూ, చీకటి పడుతోందని పనస చెట్టు కిందే బిందువు తీసుకున్నాను. తీరా పటం గీస్తే ఆ ముసలాయన పొలం గెడ్డ దాటి అవతలి వాళ్ళ చెక్కలో పడింది. మర్నాడు మళ్ళీ ఏడు కిలోమీటర్లు కొండెక్కాను. ఆయన ఏమీ అనకుండా అంబలి పోసి ఇచ్చాడు. తిట్టినా బాగుండేది.

వచ్చే ఆదివారం ఫోన్ తీసుకుని రా, డాబా మీద కూర్చుని చూద్దాం. అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య