ఆ ఉత్తరాలన్నీ అప్లికేషన్‌కి కుట్టెయ్యకు చిన్నీ

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసింది ఎంత టెన్షన్ పడుతున్నావో. కొత్త ఉద్యోగం, చేతికి మొదటిసారి వచ్చిన టీ32 అనే ట్రైనింగ్ గ్రాంటు అప్లికేషన్, సెప్టెంబరు 25 గడువు. దాని మీద మీ డైరెక్టరు గారు ముప్పై నలుగురు మెంటర్ల ఐఆర్‌బీ ఉత్తరాలూ (మనుషుల మీద పరిశోధనని ఆమోదించే కమిటీవి), జంతువుల కమిటీ ఉత్తరాలూ అన్నీ పోగుచేసి పీడీఎఫ్ చేసి వెనక జతచెయ్యమన్నారు. నూట పది కాగితాలు పోగయ్యాయి, ఇంకో నలభై రావాలి అన్నావు. నిద్ర ఆపుకుని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇరవై రెండేళ్ళు నేను కూర్చున్నది ఆ కుర్చీలోనే, మొదటి ఏడాది నేను చేసిన తప్పూ ఇదే.

ముందు ఊపిరి పీల్చుకో. ఆ కాగితాల్లో ఒక్కటి కూడా అప్లికేషన్‌కి జతచెయ్యక్కర్లేదు. అక్కర్లేదనడం కాదు, చెయ్యకూడదు. అపెండిక్సులో ఏవి పెట్టవచ్చో గ్రాంటు ఇచ్చే ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) ఖచ్చితంగా చెప్పింది, వాటిలో ఇవి లేవు. అనుమతి లేనివి కుక్కితే అప్లికేషన్‌ని రివ్యూ దాకా రానివ్వకుండానే వెనక్కి తీసేసే అధికారం వాళ్ళకుంది. ఏడాది కష్టం ఆ నూట పది పేజీల వల్ల పోతే ఎవరికి చెప్పుకుంటావు?

అసలు సంగతి ఏమిటంటే, టీ32 పరిశోధనకిచ్చే డబ్బు కాదు, మనుషులకిచ్చే డబ్బు. అయిదేళ్ళ పాటు ఏటా కొంతమంది పీహెచ్‌డీ విద్యార్థులకి, పోస్ట్‌డాక్‌లకి స్టైపెండ్ ఇస్తారు. ఇవాళ నువ్వు అప్లికేషన్ రాస్తున్నావు. మూడో ఏడాది వచ్చే ట్రైనీ ఎవరు, ఏ ల్యాబ్‌లో చేరతాడు, ఎలుకలతో పని చేస్తాడా, ఆస్పత్రి రికార్డులతోనా, ఎవరికి తెలుసు? ఈ ఇబ్బంది రూల్స్ రాసినవాళ్ళకి ముందే తెలుసు. మనుషుల మీద పరిశోధనకి సంబంధించిన అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో, అంటే 45 సీఎఫ్ఆర్ 46లో, 118వ సెక్షన్ అని ఒక చిన్న పేరా ఉంది. ఏ ప్రాజెక్టులో ఎవరు పాల్గొంటారో ఇంకా తేలని గ్రాంట్లని అవార్డుకి ముందు ఐఆర్‌బీ చూడనక్కర్లేదని అందులో ఉంది. ఉదాహరణగా ట్రైనింగ్ గ్రాంట్లని పేరు పెట్టి మరీ చెప్పారు. అయితే వెనకే ఇంకో వాక్యం ఉంది: ఆ ప్రాజెక్టు తేలాక, దానికి ఐఆర్‌బీ ఆమోదం వచ్చేదాకా ఒక్క మనిషిని కూడా అందులోకి తీసుకోకూడదు. మీ డైరెక్టరు గారికి ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఇవ్వు. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకు, కాగితం ఇస్తే చాలు.

అంటే ఆమోదం ట్రైనింగ్ గ్రాంటుది కాదు, మెంటరు ప్రాజెక్టుది. ఇది నీ మనసులో గట్టిగా నాటుకుంటే మిగతా పని సగం తేలిక.

ఫారంలో ఏం పెట్టాలంటావా? మనుషుల మీద పరిశోధన ఉందా అంటే అవును. జంతువులున్నాయా అంటే అవును. ఇంకా ఏ ప్రాజెక్టో తెలియదు కదా అని చాలామంది ఇక్కడ 'లేదు' పెట్టేస్తారు. ట్రైనీలు అలాంటి పనిలో పాల్గొనే అవకాశం ఉంటే చాలు, 'అవును' పెట్టాలి. ఆమోదం పెండింగా అంటే దానికీ అవునే, తేదీ గడి ఖాళీగా వదిలెయ్యి. మనుషుల ఫారంలో 'డిలేయ్డ్ ఆన్‌సెట్' అని ఒక రికార్డు ఉంటుంది. ప్రాజెక్టులు తర్వాత ఎంపికవుతాయి, ఆమోదం ఉన్నవాటిలోనే ట్రైనీలని పెడతాం అని కారణం రాసి అక్కడ పెడతారు. ఎఫ్‌డబ్ల్యూఏ నంబరు (మనుషుల రక్షణకి యూనివర్సిటీ ప్రభుత్వానికిచ్చిన హామీ నంబరు) అడిగిన చోట ఎనిమిది అంకెలే వెయ్యి, ముందు ఆ మూడక్షరాలు వద్దు. జంతువుల అష్యూరెన్స్ నంబరు, అంటే జంతువుల విషయంలో ఇచ్చిన అలాంటి హామీ నంబరు, పాత అప్లికేషన్‌లోంచి కాపీ కొట్టకు. అది 'ఏ' అక్షరంతో మొదలైతే పాతకాలం నంబరు, ఇప్పటివి 'డి' అక్షరంతో మొదలవుతాయి. నేను ఒకసారి కాపీ కొట్టి మాటపడ్డాను.

మరి ఆ నూట పది ఉత్తరాలు దండగేనా? కాదు. అవి నీ దగ్గరే ఉండాలి. అప్లికేషన్‌లో మనం "ఆమోదం ఉన్న ప్రాజెక్టుల్లోనే ట్రైనీలు పని చేస్తారు, అది మేం ఇలా చూసుకుంటాం" అని మాట ఇస్తున్నాం. ఆ 'ఇలా' ఏమిటో అడిగితే చూపించడానికి నీ దగ్గర ఒక షీట్ ఉండాలి. రివ్యూలో మంచి స్కోరు వచ్చాక జస్ట్-ఇన్-టైమ్ అని ఈమెయిల్ వస్తుంది, ఆమోదం తేదీలూ మిగతా వివరాలూ ఇవ్వమని. అది వస్తే గ్రాంటు వచ్చేసినట్టు కాదు, స్వీట్లు పంచెయ్యకు. షీట్ సిద్ధంగా ఉంటే మాత్రం ఆ రోజు సాయంత్రానికే జవాబు పంపగలవు.

షీట్‌లో ట్రైనీ పేరు, మెంటరు పేరు, ప్రోటోకాల్ (కమిటీ ఆమోదించే పరిశోధన ప్రణాళిక) నంబరు, దాని పేరు, ఆమోదం తేదీ, గడువు, ఏ కమిటీ ఇచ్చింది అన్నీ ఎవరైనా పెట్టుకుంటారు. ఎవరూ పెట్టుకోనిది ఇంకొక్క గడి ఉంది: ఆ ప్రోటోకాల్‌లో పనిచేసేవాళ్ళ జాబితాలో ఈ ట్రైనీ పేరు ఉందా?

దాని కథ చెప్తాను. ఒక జూలైలో ఒకమ్మాయిని అపాయింట్ చేశాం. మెంటరు మంచివాడు, ప్రోటోకాల్‌కి ఇంకా రెండేళ్ళ గడువుంది, నా షీట్‌లో ఆ వరస పచ్చగా ఉంది. నవంబరులో జంతువుల కమిటీ వాళ్ళు తనిఖీకి వచ్చారు. కనీసం ఆరు నెలలకోసారి వాళ్ళు ఎలుకల గదులు చూడాలి. ప్రతి బోను మీదా ఒక కార్డు ఉంటుంది, దాని మీద ప్రోటోకాల్ నంబరు, ఎవరు చూసుకుంటున్నారో వాళ్ళ పొడి అక్షరాలు. ఆ అమ్మాయి చక్కగా, ముత్యాల్లాంటి అక్షరాలతో, నీలం పెన్నుతో, పద్దెనిమిది బోన్ల మీద తన పొడి అక్షరాలు రాసుకుంది. జాబితాలో చూస్తే ఆమె పేరు లేదు. మెంటరు చేర్చడం మర్చిపోయాడు. ఆమె శిక్షణ కూడా పూర్తి కాలేదు. నాలుగు నెలల పని. రిపోర్టు పైకి వెళ్ళింది, ఆమె రెండు నెలలు ఎలుకలని ముట్టుకోలేదు, ఆ ఖర్చు కొంత గ్రాంటు నుంచి తీసి డిపార్ట్‌మెంటు నెత్తిన వేశారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది. పచ్చ రంగు వేసింది నేనే కదా.

అప్పటినుంచి నాదొక పద్ధతి. ట్రైనీ అపాయింట్‌మెంట్ ఫారం, అదే 2271, ఎన్ఐహెచ్ వాళ్ళ ఎక్స్‌ట్రెయిన్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో పంపేముందు ప్రోటోకాల్ సిబ్బంది జాబితా తెరిచి ట్రైనీ పేరు నా కళ్ళతో చూసుకునేదాన్ని. మెంటరు "ఉంది లెండి" అంటే సరిపోదు. స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి ఫోల్డర్లో పెట్టేదాన్ని. కొందరు ప్రొఫెసర్లు విసుక్కున్నారు. విసుక్కోనీ.

ఇక ఉత్తరాలు చదవడం. నువ్వు తేదీ మాత్రం చూసి ఎక్కిస్తున్నావేమో, మొత్తం చదువు. "మార్పులు చేస్తే ఆమోదిస్తాం" అనే ఉత్తరం ఆమోదం కాదు. ఉత్తరం రాసిన తేదీ వేరు, ఆమోదం తేదీ వేరు. నీకు రెండోది కావాలి. జంతువుల ప్రోటోకాల్‌కి మూడేళ్ళు దాటకుండా మళ్ళీ మొదటినుంచీ సమీక్ష జరగాలి. అప్పుడు చాలాచోట్ల కొత్త నంబరు ఇస్తారు, నీ షీట్‌లో పాతదే ఉండిపోతుంది. ఐఆర్‌బీ సంగతి ఇంకో రకం. 2019 జనవరి నుంచి వచ్చిన కొత్త రూలు ప్రకారం ప్రమాదం తక్కువున్న అధ్యయనాలకి చాలావాటికి ఏటా రెన్యూవల్ అక్కర్లేదు. కాబట్టి ఉత్తరంలో గడువు తేదీయే ఉండదు. ఆ గడి ఖాళీగా వదిలితే ఆరు నెలల తర్వాత నువ్వే చూసి, గడువు లేదా, నేను రాయడం మర్చిపోయానా అని కంగారు పడతావు. "గడువు లేదు" అని అక్షరాలా రాయి. 'ఎగ్జెంప్ట్' (ఆ నిబంధనల నుంచి మినహాయింపు) అన్నవాటికీ ఆ నిర్ణయం తెలిపే ఉత్తరం ఉంటుంది, అదీ ఫోల్డర్లో ఉండాలి.

మెంటర్లలో పక్క ఆస్పత్రిలోనో వెటరన్స్ ఆస్పత్రిలోనో పనిచేసేవాళ్ళుంటే జాగ్రత్త. వాళ్ళ కమిటీ వేరు, అష్యూరెన్స్ వేరు. మీ యూనివర్సిటీ కమిటీ వాళ్ళ ఆమోదాన్ని ఒప్పుకుంటుందా, దానికి రాతపూర్వక ఒప్పందం ఉందా అని రీసెర్చ్ ఆఫీసుని అడుగు. జన్యువులతో పని ఉంటే బయోసేఫ్టీ కమిటీ మూడోది. షీట్‌లో దానికీ ఒక గడి కేటాయించు.

ఆర్‌సీఆర్ గురించి నువ్వు ఒక్క మాట కూడా అడగలేదు, నాకు భయమంతా అక్కడే. పరిశోధనలో నడవడిక నేర్పే క్లాసుల ప్రణాళిక, మూడు పేజీలు. స్కోరు దాన్ని బట్టి మారదు, కానీ దాన్ని 'సరే' అనేదాకా డబ్బు విడుదల కాదు. కనీసం 8 గంటలు, మనిషికి మనిషి ఎదురుగా కూర్చుని. ఒక్కో దశలో కనీసం ఒకసారి, ఎలా చూసినా నాలుగేళ్ళకి కనీసం ఒకసారి. సిటీ (CITI) ప్రోగ్రాం అనే ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ చూపించి అయిపోయిందనుకుంటారు, అది ఒక్కటీ సరిపోదు. 2022లో సూచనలు కొంత మార్చారు, మీ డ్రాఫ్ట్ అంతకుముందుదైతే మళ్ళీ చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి క్లాసుకీ హాజరు పట్టీ. కాగితం మీద సంతకాలు, స్కాన్. అయిదేళ్ళ తర్వాత రెన్యూవల్ రాసేటప్పుడు "అందరూ వచ్చారు" అని నోటితో చెప్తే ఎవరు నమ్ముతారు? మా ప్రోగ్రాంలో ఒక ఏడాది పట్టీ ఎక్కడో పోయింది. పదమూడు మందికి ఈమెయిళ్ళు పెట్టి, వాళ్ళ క్యాలెండర్లు తవ్వించి, మూడు వారాలు కూర్చుని కట్టుకొచ్చాను. పిల్లలు చదువైపోయి బోస్టన్‌లో ఒకరు, శాన్‌డియేగోలో ఒకరు.

ఇంత కాగితం ఎందుకని నువ్వు అన్నావు చూడు, అది నాకు గుచ్చుకుంది. ఈ స్టైపెండ్ పుట్టింది 1974 జూలై 12న సంతకం అయిన నేషనల్ రీసెర్చ్ యాక్ట్‌తో. అదే చట్టంలో రెండో భాగం ఐఆర్‌బీలకి పునాది. అలబామాలోని టస్కీగీలో ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్ళు 1932 నుంచి 1972 దాకా నల్లజాతి మగవాళ్ళకి సిఫిలిస్ ఉందని తెలిసీ, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అది పత్రికల్లోకి వచ్చిన రెండేళ్ళకి ఈ చట్టం వచ్చింది. నీ డెస్కు మీదకొచ్చే స్టైపెండూ, నీకు విసుగు తెప్పిస్తున్న ఉత్తరమూ ఒకే చట్టం బిడ్డలన్నమాట. నాకు ఇది తెలిసేసరికి ఉద్యోగంలో చేరి పదేళ్ళైంది. ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. ఈ స్టైపెండ్ అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి మాత్రమే. మన ఊళ్ళ నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చిన పిల్లలు "ఆంటీ, మాకెందుకు రాదు" అని నా గదికి వచ్చేవాళ్ళు. జవాబు చెప్పడం కష్టంగా ఉండేది. కానీ వాళ్ళూ అదే ల్యాబ్‌లో అదే బోన్ల దగ్గర పనిచేస్తారు, వాళ్ళ పేర్లూ ప్రోటోకాల్ జాబితాలో ఉండాలి. నీ షీట్‌లోకి వాళ్ళు రారు. అయినా ల్యాబ్ మేనేజర్ని అడిగేటప్పుడు వాళ్ళ సంగతీ అడుగు, నీ సొమ్మేం పోదు.

జంతువుల కమిటీ ఆఫీసులో ఫైళ్ళు చూసేవాళ్ళతో పరిచయం పెంచుకో. ఈమెయిల్‌కి వారం పట్టే జవాబు, ఎదురుగా నిలబడితే అయిదు నిమిషాల్లో వస్తుంది. సోమవారం పొద్దున మాత్రం వెళ్ళకు.

షీట్ మొదలుపెట్టి మొదటి అయిదు వరసలు నింపాక ఆదివారం నాకు పంపు, చూస్తాను. పేర్లు, ప్రోటోకాల్ నంబర్లు తీసేసి పంపు. రిటైరైన పెద్దమ్మకి అవి చూసే హక్కు లేదు.

మీ అమ్మతో మాట్లాడినప్పుడు గోంగూర పచ్చడి అందిందని చెప్పు.

నీ పెద్దమ్మ